వద్దన్న జాగా

పెళ్ళయి కాపురానికొచ్చాక ఝాన్సీకి లోకంలో బాగోలేని వస్తువంటూ ఒక్కటీ కనిపించడం మానేసింది. పెరట్లో బోరింగు కీచుమని మొరాయిస్తే నవ్వొచ్చేది. వేకువన త్రినాథ్ సముద్రం మీదికి చేపల వేటకి వెళ్ళిపోయాక అతని చొక్కా దండెం మీంచి తీసి మడతపెట్టి, ఎందుకో మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టేది. చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని, వేయించిన ఎండు నెత్తళ్ళు నాలుగు నోట్లో వేసుకుని, ఇంత రుచి శ్రీకాకుళం హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందా అని నిజంగానే ఆశ్చర్యపోయేది. డిగ్రీ చదివిన పిల్ల ఇంత చిన్నవాటికి మురిసిపోవడమేమిటని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. మురిపెం మాత్రం బోలెడుంది.

త్రినాథ్ ఆమెకి మేనత్త కొడుకే. అత్త గురమ్మ సొంత మేనత్త. అయినా ఝాన్సీకి సముద్రం సెలవుల్లో చూసే చుట్టమే. ఆమె తండ్రి సోములు కుర్రతనంలోనే వల వదిలేసి పలాసలో బట్టల కొట్టు పెట్టుకున్నాడు. అందుకని కళింగపట్నం పక్కనున్న ఈ పేటకి కోడలిగా వచ్చినప్పుడు ఆమెకి చాలా సంగతులు కొత్త. వాటిలో ఒకటి మరీ నచ్చింది. కొత్తగా పెళ్ళయి వచ్చిన పిల్ల, మాఘంలో గంగమ్మ పూజ అయ్యేదాకా చేపలారబెట్టే ఇసుక మీద అడుగు పెట్టకూడదు. గంప ముట్టకూడదు. అంటే అన్నాళ్ళూ ఇల్లే. బావ వచ్చే వేళకి తలారా స్నానం చేసి, కనకాంబరాలు పెట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉండడమే పని.

“ఇంతకన్నా ఏం కావాలత్తా?” అంది ఒకరోజు జడ వేయించుకుంటూ.

గురమ్మ చేతులకి ఉప్పు వాసన ఎప్పుడూ పోదు. కొబ్బరినూనె రాసినా పోదు. ఆ చేతులతోనే కోడలి జుట్టు మూడు పాయలు చేస్తూ, “ఇదెన్నాళ్ళే. పూజ కానీ, నిన్ను మన జాగాలో కూకోబెడతాను. అప్పుడు తెలుస్తాది ఎండంటే ఏటో,” అంది.

జాగా అంటే సముద్రపు ఒడ్డున, అల అందని మెట్ట ఇసుక మీద ఒక్కో ఆడమనిషికీ ఉన్న చోటు. అక్కడే చేపలు ఉప్పేసి, పరిచి, తిరగేసి, ఎండబెట్టి సంతలకి పంపుతారు. పట్టాలూ లేవు, రాళ్ళూ పాతి లేవు. ఎవరి చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పేటలో అందరికీ తెలుసు. గురమ్మ జాగా సరుగుడు తోపుకి ఎదురుగా, గాలి బాగా తగిలేచోట ఉంది.

“మా అత్త నాకిచ్చినాది. ఆలత్త ఆవిడికిచ్చినాది. మగోడి పేరు దీన్లో నేదు,” అంది గురమ్మ. “మీ మావ ఉన్నప్పుడు కూడా నన్నడిగే అక్కడ కూకునేవోడు. కోడలు కావాలంటే ఉంటాది. నలుగుర్లో నోరిడిసి వద్దన్నాదంటే అక్కడితో సరి. ఆ సోటు కాళీ అయినట్టే, ఎవలైనా కూకోవచ్చు.”

“వద్దని ఎవరంటారు?”

“అన్నోలు ఉన్నారు. సుభద్రమ్మ కోడలు విశాఖపట్నం ఎల్లిపోతా, బస్సుకాడ అందరి ముందూ అనేసినాది. మర్నాడికి ఆ సోట్లో గున్నమ్మ ఉప్పు కుండలు దించీసినాది. సుభద్రమ్మ ఏటంటాది? అన్న మాట అన్నట్టే.”

ఝాన్సీ ఊఁ కొట్టింది. ఆ సమయానికి ఆమె మనసు, సాయంత్రం త్రినాథ్ తెస్తానన్న మల్లెల మీదుంది. ఈ కాలంలో మల్లెలు ఎక్కడ దొరుకుతాయని వాళ్ళిద్దరూ పందెం వేసుకున్నారు.

ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు ఆమె ఫోన్లో పద్మకుమారి మాటలు వినేది. పద్మకుమారి ఓ పార్టీకి జిల్లా నాయకురాలు. అరసవల్లి దగ్గర రైతు కుటుంబం, సొంత రైసు మిల్లు. ఈసారి టికెట్ ఆవిడదేనని అందరూ అనుకుంటున్నారు. మైకు ముందు కూడా మన యాసలోనే మాట్లాడుతుంది, అదే ఆవిడ బలం. ఆడపిల్ల చేతికి ఫోనిచ్చి తర్వాత స్టేషన్లో ఏడిస్తే లాభమేటని అడుగుతుంది. ప్రేమ పెళ్ళిళ్ళు సగం పెటాకులేనంటుంది. టీవీ వాళ్ళు వెక్కిరిస్తే ఇంకో రెండు మాటలు ఎక్కువంటుంది. ఆడపిల్లలకి ఫోన్లు వద్దన్న ఆ మాటని ఝాన్సీ ఫోన్లోనే పదిసార్లు విని, తనలో తనే నవ్వుకునేది. అలా నవ్వుకునే చనువు ఉన్న ఇష్టం అది.

ఆ ఇష్టం కాలేజీ రోజులది. మహిళా దినోత్సవానికి పద్మకుమారిని పిలిచారు. అందరూ ఆఫీసర్లవండి, పైలట్లవండి అని చెప్పి కూర్చున్నాక ఆవిడ లేచింది. “ఇంట్లో వంట సేస్తే బానిసత్వమంట. అదే వంట హోటల్లో సేస్తే ఉద్యోగమంట. ఎవలు సెప్పినారమ్మా మీకు ఈ లెక్క? ఇల్లు సూసుకుంటానన్న పిల్ల తలొంచుకోవలసిన పని నేదు. అదీ ఇష్టమే, ఇదీ ఇష్టమే,” అంది. లెక్చరర్లు మొహాలు చూసుకున్నారు. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. ఝాన్సీ ఒక్కతే చప్పట్లు కొట్టింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చే పిల్ల, బావని చేసుకుని ఇంటిపట్టున ఉంటానంటే స్నేహితురాళ్ళు ఏడిపించే రోజులవి. తన మనసులో మాటని సిగ్గుపడకుండా పైకనడానికి ఒక పెద్దమనిషి వచ్చిందనిపించింది. ఆ రోజు నుంచీ హాస్టల్లో ఆమె పేరు ‘పద్మకుమారి పార్టీ’.

అలాంటి పద్మకుమారి ఒక పొద్దున్న తన గుమ్మంలోకే వస్తే ఝాన్సీ కాళ్ళు నేల మీద ఆనతాయా?

ఆ రోజు త్రినాథ్ వేటకి వెళ్ళలేదు. “మంచి సీర కట్టు. పద్మకుమారమ్మ మన ఈధిలోకొస్తన్నాది,” అన్నాడు. ఆకుపచ్చ చీర తనే బీరువాలోంచి తీసిచ్చాడు. గురమ్మ అప్పటికే జాగాకి వెళ్ళిపోయింది. నాయకులొచ్చినా దేవుళ్ళొచ్చినా చేప ఆగదని ఆవిడ లెక్క.

పద్మకుమారి చెప్పులు బయటే విప్పి లోపలికొచ్చింది. మంచం మీద కూర్చోమంటే పీట లాక్కుని కూర్చుంది. ఝాన్సీ ఇచ్చిన టీ తాగి, “అల్లం ఏసినావు. మా కోడలికి ఎన్నిసార్లు సెప్పినా ఎయ్యదు,” అంది. వాకిట్లో వీధిజనం మూగారు. భాస్కర్ అనే కుర్రాడు, ఆవిడ పనులు చూసేవాడు, ఫోను పట్టుకుని ఓ మూల నిలబడ్డాడు.

“ఏటి సదివావమ్మా?”

“డిగ్రీ అమ్మా. మీరు మా కాలేజీకి వచ్చారు. నేను చప్పట్లు కొట్టాను.”

“నువ్వొక్కదానివే కొట్టుంటావు,” అంది పద్మకుమారి. అందరూ నవ్వారు. ఝాన్సీకి ఒళ్ళంతా పులకరించింది. “ఉద్యోగానికెల్లవా మరి?”

“నాకు ఇల్లే బాగుందమ్మా.”

“మీ అత్తలాగ గంపెత్తుకుని, ఆ ఇసకలో ఎండకి మాడాలనుందా?”

ఝాన్సీ త్రినాథ్ వైపు చూసింది. అతను గుమ్మానికి ఆనుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి లోకంలో బాధ్యతలన్నీ ఎవరివో అనిపిస్తాయి. మురిపెం నోట్లోకొచ్చేసింది.

“అబ్బే, నాకా ఇసుక వద్దు. ఆ జాగా నాకొద్దమ్మా. బావొచ్చేసరికి ఇంట్లో ఉంటే చాలు నాకు.”

వాకిట్లో ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. పద్మకుమారి ఆమె తల నిమిరి, “సల్లగుండు,” అని లేచింది. వాకిట్లో ఒక్క గున్నమ్మే నవ్వలేదు. ఝాన్సీ మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఝాన్సీ ఆ చూపుని పట్టించుకోలేదు. పద్మకుమారి టీ తాగిన గ్లాసు కడగడానికి మనసొప్పక సాయంత్రందాకా కిటికీలో ఉంచుకుంది.

ఆ వారంలోనే బీచి రోడ్డులో సభ పెట్టారు. లారీ మీద పెద్ద తెర, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు. పేట ఆడవాళ్ళందర్నీ పిలిచారు. ఝాన్సీ త్రినాథ్ బండి వెనక కూర్చుని వెళ్ళింది. గురమ్మ మిగతావాళ్ళతో నడిచొచ్చి, కోడలి పక్క కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. వెనక వరసలో గున్నమ్మా, ఆమె కోడలు దుర్గా ఉన్నారు.

“ఈవిడేనేటే నువ్వు ఫోన్లో ఇనీది?” అంది గురమ్మ.

“ఈవిడే అత్తా. వినండి, భలే మాట్లాడుతుంది.”

పద్మకుమారి మొదట్లో మాట్లాడినవన్నీ ఝాన్సీకి తెలిసినవే. వంటా, హోటలూ వచ్చింది. ఫోన్లు వచ్చాయి. ఝాన్సీ పెదాలు కదుపుతూ ముందే అనేస్తుంటే గురమ్మ మురిపెంగా చూసింది. తర్వాత ఆవిడ గొంతు తగ్గించింది.

“నాను దాసుకుని మాటాడను. మీకు కోపమొచ్చినా సరే. ఆడమనిసి సంతలో మగోలి మజ్జిన కూకుని బేరాలాడ్డం నాకు నచ్చదు. కొంగు తలకి సుట్టుకుని, ఎండలో, ఉప్పులో, కుక్కల్ని తోలుకుంటా... అది కష్టమని మీరంటారు. కష్టం కాదు, అది మన మగోలి సేతకానితనం. మా నాయిన మా యమ్మని పొలంలోకి దిగనిచ్చీవోడు కాదు. మీరు మాత్రం ఎందుకు మాడాలి? నాను గెలిస్తే ఆ ఇసక మీద సెడ్డు కట్టిస్తాను. ఆరబెట్టీ మిసనుంటాది. మగోలి సొసైటీ సూసుకుంటాది. కంపెనీవోలు ఇక్కడికే వచ్చి కొనుక్కుంటారు. మీరు గౌరవంగా ఇంటికాడుండండి.”

మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఝాన్సీ చేతులు అలవాటు కొద్దీ లేచి, మధ్యలో ఆగిపోయాయి.

“ఇది నా మాట కాదు,” అంది పద్మకుమారి. “మీ ఊరి కోడలి మాట. సదువుకున్న పిల్ల. దాని నోటితోనే ఇనండి.”

తెర వెలిగింది. ఆకుపచ్చ చీర. కనకాంబరాలు. ఇంత పెద్ద మొహం తనదేనని ఝాన్సీకి ఒక్క క్షణం తెలియలేదు. నాకా ఇసుక వద్దు అంటోంది తెర మీది పిల్ల, నవ్వుతూ. ఆ జాగా నాకొద్దమ్మా. బావ మాట కత్తిరించేశారు. ఇంటి మాటా లేదు. మళ్ళీ ఒకసారి వేశారు. ఆ జాగా నాకొద్దమ్మా.

“ఆ పిల్ల వద్దన్న జాగాతోనే మొదలెడతాం,” అంది పద్మకుమారి. “ఎల్లుండి మొదటి రాట అక్కడే పాతుతాం.”

గురమ్మ కాళ్ళు నెమ్మదిగా కిందికి దించింది. వెనక వరసలోంచి గున్నమ్మ గొంతు, ఎగతాళి లేకుండా, ఉన్న సంగతి చెప్పినట్టు వినిపించింది. “గురమ్మా, నీ కోడలు వద్దనేసినాది. ఆ రోజు వాకిట్లో నా సెవుల్తో ఇన్నాను. నీకు తెలుసనుకున్నాను.”

గురమ్మ కొంగు దులుపుకుని లేచి, కుర్చీల మధ్యనుంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయింది. ఝాన్సీ వెనకాలే వెళ్ళబోతే త్రినాథ్ చెయ్యి పట్టుకుని, “కూకో, అమ్మగారు స్టేజీ మీదికి పిలుస్తారు,” అన్నాడు. చెయ్యి విడిపించుకోవడానికి ఆమె రెండుసార్లు లాగాల్సి వచ్చింది. పెళ్ళయ్యాక ఆ చేతిలోంచి తన చెయ్యి లాక్కోవడం అదే మొదలు.

ఇంటికెళ్ళేసరికి గురమ్మ పొయ్యి దగ్గరుంది.

“అన్నావా?” అంది తల తిప్పకుండా.

“అన్నానత్తా. ఆవిడ అడిగితే సరదాకి... అదలా వాడుకుంటారని నాకు తెలీదు.”

“ఎవలైనా నీ నోరట్టుకుని అనిపించినారేటి?”

“లేదు.”

“నలుగురున్నారా?”

“ఉన్నారు.”

గురమ్మ అన్నం వడ్డించింది. కోడలి ఇష్టమని పులుసులో తలకాయ ముక్క ఎప్పటిలాగే ఆమె కంచంలోనే వేసింది. ఆవిడ తిట్టినా బాగుండేది. ఝాన్సీ ఆ ముక్కని కంచం అంచుకి జరిపింది.

త్రినాథ్ ఉషారుగా వచ్చాడు. “జిల్లా అంతా నీ పేరే. మహిళా విభాగంలో నీకు పదవిస్తారంట,” అన్నాడు.

ఝాన్సీ అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళింది. “బావా, ఆవిడ ఆ ప్రశ్న అడుగుతుందని నీకు ముందే తెలుసా?”

అతను బోరింగు కడ్డీ పట్టుకుని ఊరికే పైకీ కిందికీ ఆడించాడు. “భాస్కర్ అడిగినాడు. సదువుకుని ఇంటికాడ ఉండీ కోడలు ఎవలైనా ఉన్నారా అని. ఉన్నాది అన్నాను. అబద్ధమా?”

“జాగా సంగతి అడుగుతుందని తెలుసా?”

నీళ్ళు పడ్డాయి. ఇద్దరూ ఆ నీళ్ళకేసే చూశారు.

“మా యమ్మ నడుం సూసినావా?” అన్నాడు చివరికి. “ఒంగితే లెగలేదు. మానెయ్ మానెయ్ అని నాను మొత్తుకుంటే ఇంటాదేటి? నీ మాటయితే సెల్లుతాది. సొసైటీలో నన్ను పెడతానన్నారు. అందరికీ మంచే కదా.”

“నాతో చెప్పొచ్చు కదా.”

“సెప్తే నువ్వలగ అనవు కదా.”

అతను అబద్ధం చెప్పలేదు. అదే ఆమెకి భరించరానిదిగా ఉంది. ఆకుపచ్చ చీర తీసిచ్చిన చెయ్యి, గుమ్మానికి ఆనుకున్న నవ్వు, అన్నీ వరసగా గుర్తొచ్చి, వాటిలో తనది ఏదో, వాళ్ళది ఏదో విడదీయలేక అక్కడే బట్టలుతికే రాయి మీద కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి, శ్రీకాకుళంలో దిగి, అరసవల్లి వెళ్ళింది. పద్మకుమారి మిల్లు పక్క గదిలో ఉంది. ఎదురుగా ఇద్దరు బియ్యం వ్యాపారులు. ఆవిడ వాళ్ళతో గట్టిగా బేరమాడుతోంది. తలుపు దగ్గర ఝాన్సీని చూసి, వాళ్ళని కాసేపు ఆగమని బయటికి పంపింది.

“రామ్మా. నీకు నాను కబురెట్టాలనుకుంటే నువ్వే వచ్చినావు.”

“అమ్మా, ఆ వీడియో తీసెయ్యండి. మా పేటలో కోడలు నలుగురిలో వద్దంటే ఆ జాగా పోతుంది. మా అత్త ముప్పై ఏళ్ళు కూర్చున్న చోటది. నేను ఇంట్లో ఉండడం బాగుందన్నాను. మా అత్తని లేవగొట్టమనలేదు.”

“నాను నీ నోట్లో మాటెట్టినానా?”

“లేదు. మిగతా సగం కోసేశారు.”

పద్మకుమారి కాదనలేదు. “సభలో సగమే పడతాది. మిగతా సగం ఇనడానికి మీ ఆయన ఉన్నాడు,” అంది. తర్వాత ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది. “సూడమ్మా. నానొకటి పైకి, ఒకటి లోపల అనుకునే మనిసిని కాను. మీ అత్త ఎండలో మాడ్డం నాకు నిజంగానే నచ్చదు. ఓట్లు పోయినా నచ్చదనే సెప్తాను. నువ్వు కాలేజీలో సప్పట్లు కొట్టింది ఈ మాటకే కదా.”

“అదీ ఇష్టమే, ఇదీ ఇష్టమే అన్నారు మీరు. నేను దానికి కొట్టాను.”

పద్మకుమారి కళ్ళు చిట్లించి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఆవిడ నటించడం లేదు. ఆ మాట నిజంగానే గుర్తులేదు. ఝాన్సీ మూడేళ్ళుగా గుండెలో దాచుకున్న మాట ఆవిడకి ఆ పూట మైకులో దొర్లిపోయిన మాట మాత్రమే.

“అన్నానేమో,” అంది. “కాలేజీలో పిల్లలు బెదిరిపోకుండా ఓ మాట అంటాం.”

“మీరు రోజంతా మిల్లులో కూర్చుంటారు. మగవాళ్ళతో బేరాలాడతారు.”

“నాను కూకోకపోతే మీలాంటోలు ఇంటికాడ నిమ్మళంగా ఎలగుంటారు?” అంది పద్మకుమారి, చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా. “ఎవలో ఒకలు తిరగాలి కదా.”

“పోనీ ఇంకో వీడియో తీయండి. నాకు ఆ జాగా కావాలని చెప్తాను.”

“రెండు నాలికల పిల్లని నాను సభలో సూపించను. నీకే పరువు తక్కువ.” ఆవిడ గంట కొట్టింది. “అమ్మాయికి టీ తేండ్రా. అల్లం ఎయ్యండి.”

ఝాన్సీ టీ తాగకుండా లేచొచ్చేసింది. ఆటోలో పక్కన కూర్చున్న ముసలమ్మ, గుడికెళ్ళొస్తున్నావా తల్లీ, దర్శనం బాగైనాదా అని అడిగింది. బాగా అయిందని చెప్పింది. ఇంక మాట్లాడితే ఏడుపొస్తుందని బయటికి చూస్తూ కూర్చుంది. కొబ్బరికాయల కొట్లూ, లాడ్జీలూ వెనక్కి పోతున్నాయి. పెళ్ళయిన కొత్తలో త్రినాథ్‌తో ఇక్కడికొచ్చినప్పుడు ఈ కొట్లలో ప్రతిదాని ముందూ ఆగింది. ఇప్పుడు ఒక్కదాని పేరూ చదవాలనిపించలేదు.

రాట పాతే రోజు పొద్దున్న, పేట ఆడవాళ్ళంతా ఇసుక మీదికి మామూలుకంటే ముందే వచ్చారు. ఝాన్సీ సరుగుడు తోపు చివర ఆగిపోయింది. పూజ ఇంకా కాలేదు, అక్కణ్ణించి ముందుకి అడుగు వెయ్యకూడదు. త్రినాథ్ వేటకి వెళ్ళాడు. వెళ్ళేముందు ఏదో అనబోయాడు. ఆమె అటు తిరిగి పడుకుంది.

గురమ్మ తన జాగాలో నిలబడి ఉంది. గున్నమ్మ ఉప్పు కుండ చంకన పెట్టుకుని ఎదురుగా వచ్చింది. సభలో అన్న ఆ ఒక్క మాట తప్ప ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఎవరి జాగా ఎక్కడ ఆగుతుందోనని మొదలైన గొడవ, ఇద్దరి మొగుళ్ళు పోయినా ఆగలేదు.

“కాళీగుంటే రాట పాతుతారు,” అంది గున్నమ్మ. “నీది పోతే రేపు నాది. నన్ను కూకోమంటావా?”

“నీకు ఇప్పటికే రెండున్నాయి. మూడోది పెట్టుకుంటే నీ పొట్ట పగుల్తాది,” అంది గురమ్మ. “నీకు కాదు. నీ కోడల్ని రమ్మను.”

గున్నమ్మ వెనక్కి తిరిగి కోడలికి సైగ చేసింది. దుర్గ వెనకనుంచి బెదురుతూ ముందుకొచ్చింది. ఝాన్సీ కంటే ఏడాది ముందు కాపురానికొచ్చిన పిల్ల, అత్త నీడలో చేపలు తిరగేస్తూ ఇంకా సొంత చోటు లేనిది. గురమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. సముద్రం దాకా తీసుకెళ్ళి కాళ్ళు తడిపించింది. కొంగు తడిపి తెచ్చి ఇసుక మీద పిండి, ఆ తడి మీద దుర్గని కూర్చోబెట్టింది. గంపలోంచి ఒక కానాగంత తీసి చేతిలో పెట్టింది.

“మా అత్త నాకిచ్చినాది,” అంది అందరికీ వినపడేట్టు. “నాను నీకిస్తన్నాను. నా కోడలు వద్దన్నాది. నువ్వు వద్దంటావా?”

“అనను,” అంది దుర్గ. చేపని రెండు చేతులతోనూ పట్టుకుంది.

తోపు చివర నిలబడి ఝాన్సీ అంతా చూసింది. ఆ చెయ్యి తనది పట్టుకోవాల్సిన చెయ్యి. ఆ తడి తను కూర్చోవాల్సిన తడి. అత్త ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. చూడకపోవడంలో కోపం లేదు, అలవాటైన పని చేస్తున్న మనిషి తొందర మాత్రమే ఉంది. నమ్మిన పెద్దమనిషి తనని అమ్మేసింది. నమ్మిన మొగుడు ముస్తాబు చేసి అమ్మించాడు. తనేమో, తనని నమ్మిన ఒక్క మనిషి చోటునీ నవ్వుతూ వదిలేసింది. ఈ మూడిట్లో ఏది ఎక్కువ కాలుస్తోందో ఆమెకి తెలియలేదు.

జీపు ఆగింది. భాస్కర్ దిగాడు. వెనక ఇద్దరు కూలీలు వెదురు రాటకి పసుపు రాసి మోసుకొచ్చారు. అతను ఇసుక మీద ఆడవాళ్ళని చూశాడు. సందు లేకుండా, ఒకరి పక్కన ఒకరు, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని చేపలు పరుస్తున్నారు. ఖాళీ ఎక్కడుందో అతనికి అర్థం కాలేదు. తోపు దగ్గర ఝాన్సీ కనిపించింది.

“అక్కా, మీ జాగా ఏది? మీరు వద్దన్నారే, అది.”

ఇసుక మీద చేతులన్నీ ఆగాయి. గురమ్మ చెయ్యి కూడా.

ఝాన్సీ అతని వైపు తిరిగింది. “నాకు జాగా లేదు,” అంది.

“వీడియోలో సెప్పినారు కదక్కా.”

“చెప్పాను. వద్దన్నాను. ఆ మాట నాదే.” ఆమె ఎంత వద్దనుకున్నా కళ్ళు నిండాయి. “వద్దన్నాక అది నాదెలా అవుతుంది? అది దుర్గది. కావాలంటే ఆమెనడుగు.”

భాస్కర్ దుర్గ వైపు తిరిగాడు.

“నానేటీ వద్దనలేదు బాబూ,” అంది దుర్గ. “అడ్డు లెగు, ఎండ తగలాలి.”

అతను ఫోను తీసి ఎవరికో చేశాడు. అవతల ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. కూలీలు కాసేపు నిలబడి, రాటని దింపి దాని మీదే కూర్చున్నారు. ఆడవాళ్ళు పనిలో పడ్డారు.

ఝాన్సీ ఇంటికి పోలేదు. ఎండ తోపులోకి వచ్చేదాకా అక్కడే నిలబడింది. గురమ్మ నడుం పట్టుకుని లేచి, నీళ్ళ సీసా కోసం ఇటు నడిచొచ్చింది. సీసా ఝాన్సీ దగ్గరే ఉంది. ఇచ్చింది. గురమ్మ తాగి, మూత పెట్టి, తిరిగిచ్చింది.

“అత్తా,” అంది ఝాన్సీ.

“పొయ్యి మీద అన్నం ఎట్టినావా?”

“లేదు.”

“పోయి ఎట్టు. దుర్గ కూడా మనింట్లోనే తింటాది ఈయాల,” అంది గురమ్మ. వెనక్కి తిరిగి ఇసుకలోకి నడిచింది.